‘స్టార్ట్’కు బదులు ‘కమెన్స్’ పెట్టవచ్చా?

ప్రశ్న: ఆఫీసులో ఇంగ్లిష్‌లో రిపోర్టులు రాయాల్సి వస్తోంది. ఒకే పేజీలో ‘స్టార్ట్’ అన్న మాట ఐదారుసార్లు పడుతుంటే చదవడానికి బాగోలేదనిపించి, థెసారస్ చూసి వేరే మాటలు పెట్టాను. ‘ది జనరేటర్ కమెన్స్‌డ్ ఎట్ సిక్స్’, ‘ది మీటింగ్ ఇనిషియేటెడ్ ఎట్ టెన్’, ‘వి ఎంబార్క్‌డ్ ది ప్రాజెక్ట్’ అని రాస్తే, మా పైఅధికారి మూడూ కొట్టేసి మళ్లీ ‘స్టార్టెడ్’ అనే రాశారు. అర్థం ఒకటే కదా, తప్పెక్కడుంది? స్టార్ట్, బిగిన్‌లకు కూడా తేడా ఉందా? ఏది ఎక్కడ వాడాలో చెప్పగలరు. (ఒక పాఠకురాలు)

సమాధానం: మీ మూడు వాక్యాలూ మూడు వేర్వేరు చోట్ల దెబ్బతిన్నాయి. ఒకదాంట్లో మొదలైన వస్తువుకు ఆ క్రియ నప్పలేదు. రెండోదాంట్లో వాక్యం కట్టిన తీరు కుదరలేదు. మూడోదాంట్లో క్రియ పక్కన ఉండాల్సిన చిన్న మాట జారిపోయింది. ఇంగ్లిష్‌లో ‘మొదలు’ను చెప్పే క్రియలన్నిటిలోనూ జరిగే పొరపాట్లు చాలావరకు ఈ మూడు రకాలే కాబట్టి, మీ వాక్యాలనే ఒక్కొక్కటిగా చూద్దాం.

జనరేటర్ సంగతి ముందు. యంత్రం, ఇంజన్, బండి, కంప్యూటర్ లాంటివాటికి ‘స్టార్ట్’ ఒక్కటే నప్పుతుంది. ‘ది కార్ వోంట్ స్టార్ట్’ అనాలి. అక్కడ ‘కమెన్స్’ కాదు గదా, ‘బిగిన్’ కూడా కుదరదు. పాత ఇంగ్లిష్‌లో ‘స్టార్ట్’కు ఎగిరి గంతేయడం, ఒక్కసారిగా కదలడం అని అర్థం. కదలకుండా ఉన్నది చటుక్కున కదలడం అన్న ఆ భావం ఇప్పటికీ దాన్ని వదల్లేదు. అందుకే ‘షి స్టార్టెడ్ ఎట్ ది నాయిస్’ అంటే ఆమె ఆ చప్పుడుకు ఉలిక్కిపడిందని. కథల్లో ఈ వాక్యం ఎదురైనప్పుడు ఏం మొదలుపెట్టిందా అని వెతుక్కోకండి. ‘కమెన్స్’కు ఈ కదలికతో పని లేదు. కొంతకాలం సాగే కార్యక్రమం, అదీ ఎవరో ముందే నిర్ణయించినది, దానికి కావాలి: విచారణ, తరగతులు, నిర్మాణం, సరఫరా. అందుకే జనరేటర్ ‘కమెన్స్’ కాదు. జనరేటర్ నుంచి వచ్చే విద్యుత్ సరఫరా ‘కమెన్స్’ కావచ్చు.

మీటింగ్ వాక్యంలో చిక్కు కాస్త లోతైనది. తెలుగులో మనకు ‘మొదలవడం’ వేరు, ‘మొదలుపెట్టడం’ వేరు. మీటింగ్ మొదలైంది; మీటింగ్ మొదలుపెట్టారు. తెలుగు మాట్లాడేవాళ్లెవరూ ఈ రెంటినీ కలగలపరు. ఇంగ్లిష్‌లో స్టార్ట్, బిగిన్, కమెన్స్ ఈ రెండు పనులూ చేస్తాయి: ‘ది మీటింగ్ స్టార్టెడ్’ అనవచ్చు, ‘వి స్టార్టెడ్ ది మీటింగ్’ అనీ అనవచ్చు. దాంతో మిగతా క్రియలూ ఇలాగే రెండువైపులా వస్తాయనుకుంటాం. అవి రావు. ఇనిషియేట్, ఇనాగురేట్, ఫౌండ్ అనే క్రియలు ‘మొదలుపెట్టడం’ వైపే నిలుస్తాయి, వాటికి కర్మ ఉండి తీరాలి. బ్రేక్ అవుట్, సెట్ ఇన్, అరైజ్ అనేవి ‘మొదలవడం’ వైపే ఉంటాయి. ‘ఎ ఫైర్ బ్రోక్ అవుట్’ సరైన వాక్యం. ‘దే బ్రోక్ అవుట్ ఎ ఫైర్’ ఇంగ్లిషే కాదు. కాబట్టి రాసేముందు వాక్యాన్ని మనసులో తెలుగులో అనుకోండి. చివర ‘మొదలైంది’ వస్తే ఇనిషియేట్ జోలికి వెళ్లకండి.

కర్మణి ప్రయోగం చేసి ‘ది మీటింగ్ వాజ్ ఇనిషియేటెడ్ ఎట్ టెన్’ అంటే వ్యాకరణం కుదురుతుంది గానీ అర్థం పక్కకు పోతుంది. ఇనిషియేట్ చేయడమంటే ఒక ప్రక్రియకు మొదటి అడుగు వేయడం, తర్వాతి అడుగులు ఇంకా మిగిలే ఉంటాయి. మీటింగ్ జరగాలని ఎవరు ముందు ప్రతిపాదించారో చెప్పేటప్పుడు అది పనికొస్తుంది, పది గంటలకు అందరూ కూర్చున్నారని చెప్పేటప్పుడు పనికిరాదు. ‘యువర్ రిఫండ్ హ్యాజ్ బీన్ ఇనిషియేటెడ్’ అని ఫోన్‌కు మెసేజ్ వస్తుంది చూడండి, డబ్బు ఖాతాలో పడిందని అక్కడ ఎక్కడా లేదు. పంపే పని మొదటి మెట్టు ఎక్కిందని మాత్రమే చెబుతున్నారు. ఈ క్రియకు ఇంకో అర్థం కూడా ఉంది. దాని పక్కన ‘ఇంటు’ వస్తే ఒక మనిషిని ఏదైనా సంఘంలోకో విద్యలోకో లాంఛనంగా చేర్చుకోవడం, మన మాటల్లో దీక్ష ఇవ్వడం లాంటిది.

మూడో వాక్యంలో ‘ఆన్’ లేదు. ‘వి ఎంబార్క్‌డ్ ఆన్ ది ప్రాజెక్ట్’ అని ఉండాలి. ‘ఎంబార్క్’కు అసలు అర్థం ఓడ ఎక్కడం, ప్రయాణికుల విషయంలో ఇప్పటికీ ఆ అర్థంలో వాడతారు. దూరప్రయాణం మీద వెళ్లేవాడే ఓడ ఎక్కుతాడు కాబట్టి, ‘ఎంబార్క్ ఆన్’ అన్నప్పుడు ఆ పని చాలాకాలం పట్టేదనీ, ఫలితం ఎలా ఉంటుందో ముందే తెలియనిదనీ ధ్వనిస్తుంది. ఐదేళ్ల పరిశోధనకు, కొత్త వృత్తికి, పెద్ద సంస్కరణకు అది సరిపోతుంది. రెండు రోజుల్లో ముగిసే ఫైళ్ల సర్దుబాటుకు పెడితే, ‘ఆన్’ చేర్చినా సరే, మీ పైఅధికారి మళ్లీ కొట్టేస్తారు.

థెసారస్ మీద కోపం తెచ్చుకోకండి. పీటర్ మార్క్ రోజెట్ 1852లో తన థెసారస్‌ను అచ్చువేసినప్పుడు, మాటలను అక్షర క్రమంలో కాకుండా భావాలను బట్టి గుంపులు కట్టారు. మనసులో భావం ఉండి మాట తట్టనివాళ్ల కోసం చేసిన ఏర్పాటు అది. ఒక గుంపులో ఉన్న మాటలన్నీ ఒకదాని స్థానంలో ఒకటి పెట్టుకోవచ్చని దాని అర్థం కాదు. అందులో మాట దొరికాక, ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం తయారుచేసిన నిఘంటువులో అదే మాట తీసి ఉదాహరణ వాక్యాలు చదవండి. అర్థం దగ్గర ఆగకండి. ఆ క్రియకు ముందు ఏ నామవాచకాలు ఉన్నాయి, తర్వాత ఏవి వచ్చాయి, మధ్యలో ఆన్, విత్, ఇంటు లాంటివి ఉన్నాయా అన్నది చూడాలి. మూడు నాలుగు వాక్యాలు చూస్తే ఆ మాట నడిచే దారి తెలిసిపోతుంది.

ఇక స్టార్ట్, బిగిన్. సినిమా, క్లాసు, వాన, ఉద్యోగం, ఇలాంటి చాలా చోట్ల ఏది పెట్టినా ఒకటే. వాటి మధ్య లేని తేడాను పట్టుకుని గింజుకోవాల్సిన అవసరం లేదు. స్టార్ట్ మాత్రమే నప్పే చోట్లు కొన్ని ఉన్నాయి. యంత్రాల మాట చెప్పుకున్నాం. ‘లెట్స్ స్టార్ట్ ఎట్ సిక్స్’ అని ప్రయాణం గురించి అంటే ఆరింటికి బయలుదేరదామని. వ్యాపారం పెట్టడం, మంటకు కారణం కావడం, పుకారు పుట్టించడం, గొడవకు దిగడం కూడా స్టార్ట్ పనులే. ‘స్టార్ట్ ఎ ఫ్యామిలీ’ అంటే మాత్రం పెళ్లి చేసుకోవడమని అనుకోకండి, తొలి బిడ్డను కనడమని.

బిగిన్ రాతలో ఎక్కువ, మాటలో తక్కువ. కథలో ఒకరు మాట్లాడటం మొదలుపెట్టారని చెప్పేటప్పుడు, అంటే ఉటంకింపు తర్వాత ‘హి బిగ్యాన్’ అని వస్తుంది, అక్కడ ‘హి స్టార్టెడ్’ అంత సహజంగా ఉండదు. ‘ఐ కాంట్ బిగిన్ టు ఇమాజిన్’ అంటే నా ఊహకైనా అందదని. ఇది అచ్చుపోసిన పలుకుబడి, ఇందులో బిగిన్‌ను కదపలేం. వ్యతిరేక పదాలు చూసినా తేడా పట్టుకోవచ్చు: స్టార్ట్‌కు జోడీ స్టాప్, బిగిన్‌కు జోడీ ఎండ్. ఆగగలిగేది స్టార్ట్ అవుతుంది, ముగింపు ఉన్నది బిగిన్ అవుతుంది అనుకుంటే చాలావరకు దారి తప్పరు. వీటి నుంచి పుట్టిన నామవాచకాలు మాత్రం బాగా దూరం జరిగాయి. బిగినర్ అంటే కొత్తగా నేర్చుకుంటున్నవాడు. స్టార్టర్ అంటే బండిలో ఒక భాగం, లేదా పరుగుపందెంలో తుపాకీ పేల్చే అధికారి, లేదా భోజనంలో ముందు వడ్డించేది.

రూపాల దగ్గర స్టార్ట్ పెట్టని తంటా బిగిన్ పెడుతుంది. బిగిన్, బిగ్యాన్, బిగన్. రెండోది ఒంటరిగా నిలబడుతుంది: ‘ది క్లాస్ బిగ్యాన్’. మూడోదానికి ముందు హ్యావ్, హ్యాజ్, హ్యాడ్‌లలో ఒకటి ఉండాలి: ‘ది క్లాస్ హ్యాడ్ బిగన్’. ‘హ్యాడ్ బిగ్యాన్’ అని రాయడం చాలామందికి అలవాటు, అది తప్పు. స్పెల్లింగులో కూడా ఒక మెలిక ఉంది. బిగినింగ్ రాసేటప్పుడు ఎన్ రెండుసార్లు పడాలి, ఓపెనింగ్‌లో ఒక్కసారే. బిగిన్‌లో ఊనిక, అంటే పలికేటప్పుడు పడే నొక్కు, చివరి భాగమైన ‘గిన్’ మీద పడుతుంది కాబట్టి హల్లు రెట్టింపవుతుంది. ఓపెన్‌లో ఊనిక మొదటి భాగమైన ‘ఓ’ మీదే ఉండిపోతుంది కాబట్టి కాదు.

ఈ రెండు క్రియల తర్వాత ఇంకో క్రియ వచ్చినప్పుడు ‘టు’ పెట్టాలా, ‘ఇంగ్’ పెట్టాలా అని చాలామంది ఆగిపోతారు. ‘ఇట్ స్టార్టెడ్ టు రెయిన్’, ‘ఇట్ స్టార్టెడ్ రెయినింగ్’ రెండూ సరైనవే. రెండు చోట్ల మాత్రం ‘టు’ పెట్టాలి. మొదటి క్రియకే ఇంగ్ ఉంటే, రెండోదానికి పెట్టకూడదు: ‘ఇట్ ఈజ్ స్టార్టింగ్ టు రెయిన్’. తెలుసుకోవడం, అర్థం కావడం, గ్రహించడం లాంటి మనసుకు చెందిన క్రియలకు కూడా ‘టు’ వాడాలి: ‘ఐ బిగ్యాన్ టు అండర్‌స్టాండ్’.

తెలుగువాళ్లు అన్నిటికంటే ఎక్కువగా చేసే పొరపాటు ఇప్పుడు చెబుతున్నది. ఇది మీ రిపోర్టుల్లో కూడా ఉండే ఉంటుంది, ఒకసారి వెతకండి. ‘పరీక్షలు సోమవారం నుంచి మొదలవుతాయి’ అంటాం. ఆ ‘నుంచి’ని ఇంగ్లిష్‌లోకి మోసుకెళ్లి ‘ది ఎగ్జామ్స్ స్టార్ట్ ఫ్రమ్ మండే’ అని రాస్తాం. ‘ఆన్ మండే’ అనాలి. ఇంగ్లిష్ లెక్క ప్రకారం మొదలవడం అన్నది ఒక బిందువు, అది ఒక రోజున, ఒక గంటకు జరుగుతుంది. ‘ఫ్రమ్’ అక్కడినుంచి సాగేదాన్ని చెబుతుంది: ‘ది ఆఫీస్ విల్ బి ఓపెన్ ఫ్రమ్ మండే’ తప్పు కాదు, తెరిచి ఉండటం సాగే పని కాబట్టి. అలాగే రోజుకు ‘ఆన్’, గంటకు ‘ఎట్’, నెలకు, సంవత్సరానికి ‘ఇన్’. ధరలు, అంకెల విషయంలో మాత్రం ‘ప్రైసెస్ స్టార్ట్ ఫ్రమ్’ అనడం మామూలే. నోటీసుల్లో కనిపించే ‘విత్ ఎఫెక్ట్ ఫ్రమ్’ వేరు, అది ఒక నిబంధన ఏ రోజు నుంచి అమల్లో ఉంటుందో చెప్పే చట్టపు పలుకుబడి, దాన్ని చూసి ‘కమెన్స్ ఫ్రమ్’ తయారుచేసుకోవద్దు.

దీనికి దగ్గరి చుట్టం ఇంకొకటి. ఫలానాదానితో మొదలుపెట్టారంటే ‘విత్’, ఫలానా పని చేసి మొదలుపెట్టారంటే ‘బై’: ‘వి స్టార్టెడ్ విత్ ది అకౌంట్స్’, ‘వి స్టార్టెడ్ బై చెకింగ్ ది అకౌంట్స్’. ‘ఎట్ ది బిగినింగ్’ తర్వాత దేని మొదట్లోనో చెప్పాలి, అంటే ‘ఆఫ్’ వస్తుంది. ‘ఇన్ ది బిగినింగ్’ ఒంటరిగా నిలబడి ‘మొదట్లో అలా ఉండేది, తర్వాత మారింది’ అన్న అర్థం ఇస్తుంది.

కమెన్స్ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: రోజువారీ ఉత్తరాల్లో దాన్ని దూరంగా పెట్టండి. కోర్టు పత్రం, కాంట్రాక్టు, ప్రభుత్వ ప్రకటన, లాంఛనమైన ఆహ్వానం, ఇవీ దాని చోట్లు. కాంట్రాక్టులో ‘కమెన్స్‌మెంట్ డేట్’ అంటే ఒప్పందం అమల్లోకి వచ్చే తేదీ, అక్కడ ఆ మాటకు తూకం ఉంది. పక్క సీటులో ఉన్న సహోద్యోగికి ‘ఐ విల్ కమెన్స్ ది వర్క్’ అని మెయిల్ పెడితే మాట బిగుసుకుపోతుంది. దీని తర్వాత నామవాచకం గానీ ఇంగ్ రూపం గానీ రానివ్వండి, ‘కమెన్స్ టు వర్క్’ ఇప్పుడు పాతబడిన వాడుక. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ‘కమెన్స్‌మెంట్’ అంటే పట్టాల ప్రదానోత్సవం. చదువు అయిపోయిన రోజును ఆ పేరుతో పిలుస్తారు కాబట్టి, ఆహ్వానపత్రం చూసి క్లాసులు మొదలవుతున్నాయనుకోవద్దు.

మిగతా మాటలు క్లుప్తంగా. లాంచ్ అన్నది జనం ముందుకు లేదా ఎదుటివాడి మీదికి పంపేవాటికి: రాకెట్, కొత్త ఉత్పత్తి, ప్రచారం, దాడి. ఇనాగురేట్‌కు లాంఛనం ఉండాలి. పాత రోమ్‌లో పక్షులు ఎగిరే తీరు చూసి శకునం చెప్పే పూజారుల నుంచి వచ్చిన మాట ఇది. భవనాన్నీ, సేవనూ ఇనాగురేట్ చేస్తారు. మనిషిని కూడా చేస్తారు: అమెరికా అధ్యక్షుడు జనవరి 20న పదవి చేపట్టే వేడుక ఇనాగురేషనే. సంస్థను స్థాపించడం ‘ఫౌండ్’, దాని భూతకాలం ‘ఫౌండెడ్’. ‘ది కంపెనీ వాజ్ ఫౌండ్ ఇన్ 1990’ అని రాస్తే కంపెనీ ఎక్కడో తప్పిపోయి 1990లో దొరికిందని అర్థం వస్తుంది. ఈ తప్పు కంపెనీల పరిచయ పత్రాల్లో కూడా పడుతుంటుంది.

‘సెట్’తో కట్టిన మూడింటినీ విడదీసి గుర్తుంచుకోవాలి. సెట్ ఆఫ్ అంటే బయలుదేరడం, అలారం మోగించడం, టపాకాయ పేల్చడం. సెట్ అవుట్ అంటే బయలుదేరడమే కాక, తర్వాత ‘టు’ వస్తే ఒక ఉద్దేశంతో పూనుకోవడం. సెట్ ఇన్ అన్నది వచ్చి తిష్టవేసేవాటికి, అదీ మనం కోరుకోనివాటికి: ముసురు, చలి, భయం, ఇన్ఫెక్షన్. సంతోషం సెట్ ఇన్ కాదు. బ్రేక్ అవుట్ మంటలకు, యుద్ధానికి, అంటువ్యాధికి. వాయిదా వేస్తూ వచ్చిన పనికి ఎట్టకేలకు కూర్చోవడం ‘గెట్ డౌన్ టు’. ఇందులో ‘టు’ విభక్తి లాంటిది కాబట్టి తర్వాత ‘రైటింగ్’ రావాలి, ‘రైట్’ కాదు. మధ్యలో ఆగిన పని ఆగినచోటి నుంచి సాగితే రిజ్యూమ్, మళ్లీ మొదటికి వెళితే స్టార్ట్ ఓవర్.

చివరిగా మీ అసలు బాధ, ఒకే మాట పదే పదే రావడం. దీనికి మందు పర్యాయపదాల్లో తక్కువ, వాక్యాలను తిరగరాయడంలో ఎక్కువ. ఈ పేరా చూడండి: ‘ది టీమ్ స్టార్టెడ్ వర్క్ ఆన్ మండే. దే స్టార్టెడ్ టు చెక్ ది రికార్డ్స్. ఎ ప్రాబ్లమ్ స్టార్టెడ్ ఇన్ ది ప్రింటర్. వి స్టార్టెడ్ యాన్ ఎంక్వైరీ. ది ప్రింటర్ స్టార్టెడ్ అగైన్ ఆన్ థర్స్‌డే.’ ఐదు వాక్యాలు, ఐదు స్టార్ట్‌లు.

దీన్ని ఇలా మార్చవచ్చు: ‘ది టీమ్ స్టార్టెడ్ వర్క్ ఆన్ మండే అండ్ చెక్‌డ్ ది రికార్డ్స్. ఎ ఫాల్ట్ డెవలప్‌డ్ ఇన్ ది ప్రింటర్. వి ఓపెన్‌డ్ యాన్ ఎంక్వైరీ. ప్రింటింగ్ రిజ్యూమ్‌డ్ ఆన్ థర్స్‌డే.’ రెండో స్టార్ట్‌ను ఊరికే తీసేశాం. రికార్డులు చూడటం పూర్తయిందంటే మొదలుపెట్టారని విడిగా చెప్పనక్కర్లేదు. చూడటం సగంలో ఆగి ఉంటే మాత్రం అది ఉండాలి, లేకపోతే రిపోర్టు చదివినవాళ్లు పని అయిపోయిందనుకుంటారు. యంత్రంలో లోపం తలెత్తడానికి ‘డెవలప్’ ఉంది. విచారణకు ‘ఓపెన్’ ఉంది, అది నిర్ణయం మీదేనని చెబుతుంది. చివరి వాక్యంలో కర్తను మార్చాం, రిజ్యూమ్ అయ్యేది ప్రింటింగ్ పని, ప్రింటర్ కాదు. మొదటి వాక్యంలోని స్టార్ట్‌ను మాత్రం అలాగే ఉంచాం. ఆ రిపోర్టు కాంట్రాక్టు ఫైలుకో కోర్టుకో వెళ్లేదైతే అక్కడ ‘కమెన్స్‌డ్’ పెట్టుకోవచ్చు.